కార్డుబాకీ, క్యాష్ బ్యాక్, బాకీమార్పిడి రుసుము

గడచిన సంక్రాంతికి నాలుగు దినములు ముందు మన సంఘసభ్యులొకరు కార్యాలయమునకు వచ్చి, రెండు బ్యాంకుల బిల్లులను బల్లమీద నుంచి, ఈ రెంటిని తీర్చుటకు సంఘము 64,000 రూపాయలు అప్పుగా నీయగలదా యని యడిగిరి. వారు ఐదెకరముల మాగాణి సాగుచేయు రైతు. ఇంతవఱకు సంఘబాకీని ఒక్కసారియైనను గడువు దాటనిచ్చినవారు కారు. పంటఋణము పంటపెట్టుబడికే గాని కార్డుబాకీ తీర్చుటకు నిచ్చునది కాదు గనుక మేము లేదని చెప్పవలసివచ్చెను. అట్లు చెప్పి ఊరకుండలేక, ఆ బిల్లులను ముందిడుకొని వారితో గూడ మధ్యాహ్నమువఱకు కూర్చుండి లెక్కలు చూచితిమి. జూలైలో 40,000 రూపాయల ఎరువుల బాకీ జనవరి నాటికి రెండు బ్యాంకులలో రెండు బాకీలుగా ఎట్లు మాఱెనో అప్పుడుగాని స్పష్టము కాలేదు. వారి యనుమతితో, పేరు తెలుపక, ఆ లెక్కలనే యీ నెల సభ్యుల ముందుంచుచున్నాము.

మొదట నొక సందేహము తీర్పవలెను. క్రెడిట్ కార్డు అను మాట వినగనే మన రైతులలో చాలమంది కిసాన్ క్రెడిట్ కార్డును తలంచుకొందురు. ఈ రెంటికి పేరులో దక్క పోలిక లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో ప్రవేశపెట్టబడినది. అది పంటఋణమునకు పెట్టిన పేరు. భూమిని, వేయు పైరును, దానికగు పెట్టుబడిని బట్టి అప్పు నిర్ణయింపబడును. పంట చేతికి వచ్చిన పిమ్మట తీర్చుట దాని గడువు. 3 లక్షల రూపాయలవఱకు సాలునకు నూటికి 7 వడ్డీ. గడువులోపల తీర్చినవారికి కేంద్రప్రభుత్వము 3 వంతుల రాయితీ నిచ్చుటచే నికరముగ 4 మాత్రమే పడును. ఈ రాయితీ పథకము 2025-26వ సంవత్సరమునకును కొనసాగింపబడినది. మేమిప్పుడు చెప్పబోవునది ఈ కార్డును గూర్చి కాదు. అంగడిలో గీచుటకును, ఫోనులో అంకెలు కొట్టి వస్తువులు తెప్పించుకొనుటకును, నెలబాకీ పద్ధతిపై బ్యాంకులిచ్చు కార్డును గూర్చి. ఏజంటు చెప్పిన మాటను సగము విని, ఇదియు కిసాన్ కార్డే యనుకొని సంతకము చేసినవారు మన చుట్టుప్రక్కల గ్రామములలో లేకపోలేదు.

ఈ కార్డు పనిచేయు విధము కష్టమైనది కాదు. బ్యాంకు నెలకొకసారి ఒక తేదీన బిల్లు కట్టును. ఆ పిమ్మట చెల్లింపునకు ఇంచుమించు ఇరువది దినములు గడువిచ్చును. బిల్లు కట్టిన మఱునాడు కొన్న వస్తువునకు ఈ విధముగ ఏబది దినములవఱకు వడ్డీలేని అరువు దొరకును. బిల్లు తేదీకి ముందునాడు కొన్నదానికి ఇరువది దినములే. గడువుతేదీకి బిల్లులోని మొత్తమును మిగులక చెల్లించువానికి వడ్డీ లేదు. కొంత చెల్లించి కొంత నిలిపినవానికి లెక్క మాఱిపోవును. అప్పుడు వడ్డీ గడువుతేదీనుండి కాక, వస్తువును కొన్న దినమునుండి లెక్కింపబడును. అంతేకాదు, పాతబాకీ నిలిచియున్నంత కాలము క్రొత్తగా కొన్నవానికిని వడ్డీలేని దినములుండవు. ఈ రెండవ సంగతి మన సభ్యులకు తెలియదు. నిజము చెప్పవలెనన్న, మాకును ఆనాటి ఉదయమువఱకు తెలియదు.

ఇక క్యాష్ బ్యాక్. కొన్న సొమ్ములో నూటికి ఒక రూపాయియో, రెండో, కొన్ని దుకాణములలో ఐదో బ్యాంకు మఱల మన లెక్కకు జమకట్టుటయే క్యాష్ బ్యాక్. ఇది మోసము కాదు. నెలనెల బిల్లు పూర్తిగ చెల్లించువాడు దీనివలన నిజముగ లాభము పొందును. అయితే ఆ లాభము ఎవరి సొమ్మో తెలిసికొనుట యవసరము.

దుకాణదారుడు కార్డుమీద నూరు రూపాయల సరకు నమ్మినచో అతనికి నూరును ముట్టవు. ఇంచుమించు రెండు రూపాయలు కోతపడును. ఆ కోతను దుకాణదారుని బ్యాంకును, కార్డుల యంత్రాంగమును నడుపు కంపెనీయు, కార్డునిచ్చిన బ్యాంకును పంచుకొనును. హెచ్చుభాగము కార్డునిచ్చిన బ్యాంకునకే. అందులోనుండి ఒక రూపాయి మనకు మఱల వచ్చుచున్నది. దుకాణదారుడు ఈ కోతను తన యింటినుండి తెచ్చి పెట్టడు. ధరలో కలుపును, లేదా రొక్కమిచ్చినవానికి బస్తాకింత తగ్గించి కార్డు గీచినవానికి తగ్గింపడు, లేదా కార్డునకు నూటికి రెండు అదనముగ నిమ్మని మొగమాటము లేక యడుగును. కనుక ఎరువుల దుకాణమున కార్డు తీయుటకు ముందు రొక్కపు ధర యెంతో అడిగి తెలిసికొనవలెను. ఒక రూపాయి జమకై రెండు రూపాయలు విడిచినవారిని మేమెఱుగుదుము.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టి మనవఱకు వచ్చినది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికావారు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున, అడుగనివారికి సయితము, 60,000 కార్డులను తపాలాలో పంపిరి. ఫ్రెస్నో కూడ ద్రాక్షతోటల నడుమ నున్న వ్యవసాయప్రాంతపు పట్టణమే. తరువాత, పల్లెలలోని రైతులకు జాబితాపుస్తకముల మూలమున సరకులమ్మి పెద్దదైన సియర్స్ కంపెనీ 1986లో డిస్కవర్ అను కార్డును దేశమంతట ప్రవేశపెట్టి, కొన్నదానిలో నూటికి ఒకటివఱకు తిరిగి యిత్తుమని ప్రకటించెను. పిమ్మట తక్కిన బ్యాంకులును ఆ దారి పట్టినవి. 2010లో బోస్టన్ నగరపు ఫెడరల్ రిజర్వు బ్యాంకు అర్థశాస్త్రజ్ఞులు లెక్కగట్టి, ఆ దేశమున రొక్కముతో కొను కుటుంబము సగటున సాలునకు 149 డాలర్లు పోగొట్టుకొనుచుండగా, కార్డుతో కొను కుటుంబము 1,133 డాలర్లు పొందుచున్నదని తేల్చిరి. కార్డు లేనివాడు ధరలో కలిసిన కోతను కట్టుచు కార్డు గలవానికి బహుమానమిచ్చుచున్నాడన్నమాట. మన దేశమునకు అవే అంకెలు వర్తింపవు గాని, ధరలో కోత కలియు విధము ఒక్కటే.

క్యాష్ బ్యాక్ సొమ్మునకు రెండవ ఊట మఱియొకటి గలదు. అది బాకీ నిలుపువారు కట్టు వడ్డీ. మన సభ్యుడు చేరినది ఈ వరుసలోనే.

ప్రకటనలను గూర్చి ఒక మాట చెప్పి ముందునకు సాగెదము. నూటికి 5 అని పెద్ద అక్షరములతో నుండును. నెలకు ఇంతకు మించదనియు, పెట్రోలునకు, ఇంటియద్దెకు వర్తింపదనియు చిన్న అక్షరములతో నుండును. మొదటి సంవత్సరము రుసుము లేదందురు. రెండవ యేట 500 రూపాయల రుసుము, దానిపై జీఎస్టీ 90, వెరసి 590 బిల్లులో వచ్చి చేరును. నూటికి ఒకటి వంతున ఆ 590 మఱల రాబట్టవలెనన్న సాలునకు 59,000 రూపాయల సరకు కొనవలెను. అంత కొనుగోలు లేనివాడు క్యాష్ బ్యాక్‌కై కార్డు నుంచుకొనుట దండుగ. ముప్పది దినములలో ఇంత ఖర్చుచేసినచో ఇంత బహుమతి యను ప్రకటన వచ్చినప్పుడు, అవసరములేని మిక్సీయో ఫోనో ఇంట చేరును. మన యిండ్లలో దీనికి సాక్ష్యము వెదుకనక్కఱలేదు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. ఉద్యోగికి నెల మొదటి తేదీన జీతము వచ్చును. కార్డుబిల్లును నెలకొకసారి వచ్చును. రెంటికి పొంతన గలదు. వరి పండించువానికి రాబడి సాలునకు ఒకసారియో, దాళ్వా యున్నచో రెండుసార్లో. ఆషాఢమున డీఏపీ కొన్నవాడు పుష్యమునగాని సొమ్ము కంట జూడడు. ఏబది దినముల అరువు ఐదునెలల పైరునకు ఎట్లు చాలును? కార్డు చెడ్డదనుట మా యభిప్రాయము కాదు. అది నెలజీతగాని కొలతకు కుట్టిన చొక్కా, రైతునకు కురుచ.

మన సభ్యులు 2025 జూలై 10వ తేదీన పట్టణములోని దుకాణమున ఎరువులు, పురుగుమందులు 40,000 రూపాయలకు కార్డుపై కొనిరి. క్యాష్ బ్యాక్ 400 రూపాయలు వచ్చినవి. ఆ జమను ఫోనులో ఇంటిల్లిపాదికి చూపినట్లు వారే నవ్వుచు చెప్పిరి. ఆగస్టులో గడువు వచ్చినప్పుడు పైరు మోకాలెత్తు. చేతిలో రొక్కము లేదు. బిల్లులో మొత్తము సొమ్ము ప్రక్కనే కనీసపు సొమ్మని రెండువేలకు దగ్గరగ నొక చిన్న అంకె యుండెను. దానిని కట్టిరి. కట్టినందున గడువు తప్పలేదనియు, బాకీకి సంబంధించి ఆ నెల చిక్కు తీరినదనియు తలంచిరి. బిల్లులో వడ్డీ 3.5 అని వ్రాసియుండెను. అది సాలునకని వారనుకొనిరి. అది నెలకు.

మన పల్లెలెక్కలో చెప్పవలెనన్న అది మూడున్నర రూపాయల వడ్డీ. ఊరిలో నెవరైన రెండు రూపాయల వడ్డీకి నోటు వ్రాయుమన్నచో మనము గంటసేపు బేరమాడుదుము. మూడు రూపాయలన్నచో కండువా దులిపికొని లేచివచ్చెదము. ఇక్కడ మూడున్నర అంకె కాగితముమీద మౌనముగ నుండుటచే ఎవరును లేవలేదు. దీనిపై మఱియొకటి గలదు. వడ్డీపై నూటికి 18 వంతున జీఎస్టీ పడును. అప్పుడది నాలుగు రూపాయల పదుమూడు పైసల వడ్డీ యగును. సాలునకు నూటికి దాదాపు ఏబది. అన్ని కార్డుల వడ్డీ ఒక్కటి కాదు, కొన్నింటికి కొంచెము హెచ్చు, కొన్నింటికి తగ్గు; మా ముందున్న బిల్లులోనిది ఇది.

40,000లపై నెలకు వడ్డీ 1,400. దానిపై పన్ను 252. వెరసి 1,652. సభ్యులు నెలకు కట్టిన రెండువేలలోపు సొమ్ములో ఇది పోగా అసలునకు చేరినది అత్యల్పము. లెక్క సులువగుటకై అసలు కదలలేదనియే యనుకొందము. మూడునెలలకు 4,956 రూపాయలు పోయినవి. వచ్చినది 400.

ఈ లెక్క వేయుచుండగా మా కార్యదర్శి కలము నిలిపి, సంఘపు పుస్తకమును తెఱచి చూపిరి. సంఘములో 40,000 రూపాయల పంటఋణమునకు, సాలునకు 7 వంతున, ఆఱునెలల వడ్డీ 1,400 రూపాయలు. కార్డులో ఒక్క నెల వడ్డీ, పన్ను కలుపకయే, 1,400 రూపాయలు. సంఘమున ఆఱునెలలకగునది అక్కడ నెలకే యగుచున్నది. గడువులో తీర్చి రాయితీ పొందినవానికి ఆఱునెలలకు 800 మాత్రమే. సభ్యులు ఆ రెండు అంకెలను చాలసేపు చూచుచుండిరి.

అక్టోబరులో మఱియొక బ్యాంకువారు ఫోనుచేసి, మా కార్డు తీసికొనుడు, మీ పాతబాకీని మేమే ఆ బ్యాంకునకు కట్టెదము, మూడునెలలు వడ్డీ లేదు అని చెప్పిరి. దీనినే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అందురు. మనము బాకీమార్పిడి యనవచ్చును. పెద్దనోటు తీర్చుటకు మఱియొకరికి నోటు వ్రాయుట మనకు క్రొత్త కాదు. తగ్గువడ్డీకి మార్చుట వివేకమే. సభ్యులు మార్చుట తప్పని మేమనము. అయితే వడ్డీ లేదనుట వేఱు, ఖర్చు లేదనుట వేఱు. మార్పిడికి రుసుము నూటికి 2 వంతున 800 రూపాయలు; దానిపై జీఎస్టీ 144; వెరసి 944. ఇది మొదటి బిల్లులోనే వచ్చినది. 944 రూపాయలను మూడునెలలకు పంచిచూచినచో నెలకు నూటికి డెబ్బదితొమ్మిది పైసల వడ్డీకి సమానమగును. సున్న కాదు, కాని నాలుగు రూపాయల పదుమూడు పైసలకంటె ఎంతయో మేలు. పాతకార్డులో ఆ మూడునెలలకు మఱల 4,956 పోవలసియుండగా 944తో సరిపోయినది. 4,012 రూపాయలు మిగిలినవి. ఇంతవఱకు బాకీమార్పిడి రైతునకు మేలే చేసినది.

సున్నవడ్డీ యను మాటను గూర్చి రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులను హెచ్చరించియున్నది. వాయిదాలపై వస్తువులు కొనుట విషయమున చేసిన హెచ్చరిక అది: సున్నవడ్డీ యనునది లేనేలేదనియు, వడ్డీని రుసుము రూపమున దాచి కొనువారిని భ్రమపెట్టరాదనియు దాని తాత్పర్యము. బాకీమార్పిడి రుసుమును కూడ ఆ కంటితోనే చూడవలెను.

ఈ రుసుములో గమనింపవలసిన గుణమొకటి గలదు. వడ్డీ దినదినము పెరుగును. రుసుము మొదటినాడే మొత్తముగ పడును. పాతకార్డులో ఈ బాకీకి దినమునకు 55 రూపాయల చొప్పున పడుచున్నది. 944 రూపాయలు దాటుటకు పదునేడు దినములు పట్టును. ధాన్యపు సొమ్ము పదిదినములలో రానున్నవాడు బాకీ మార్చినచో నష్టపడును. మూడునెలలు ఆగవలసినవాడు మార్చినచో లాభపడును. మూడునెలలు ముగిసినపిమ్మట మూడవ బ్యాంకునకు, ఆ పిమ్మట నాలుగవదానికి మార్చుచు పోయెదమను తెలివిగలవారును కలరు. సాలునకు నాలుగు మార్పిడులకు రుసుము 3,776. అసలు 40,000 చెక్కుచెదరక యుండును. అదే 40,000 సంఘమున సాలంతయు నుంచుకొన్నను 7 వంతున 2,800. గడువులో తీర్చినచో 1,600. వడ్డీయున్న అప్పుకంటె వడ్డీలేని అప్పునకు ఎక్కువ పడుట చూడుడు.

మన సభ్యునకు నిజమైన చిక్కు రుసుమువలన రాలేదు. బాకీ రెండవ కార్డునకు పోగానే మొదటి కార్డు ఖాళీయైనది. ఖాళీయైన కార్డు జేబులో నున్నది. దీపావళి బట్టలు, పిల్లవాని కళాశాల రుసుము, ఆ పిమ్మట కోతయంత్రపు బాడుగ. ఒక్కటియు దుబారా యనుటకు వీలులేదు. మొత్తము 28,000 రూపాయలు దానిపై గీచిరి. రెండవ కార్డున నెలకు రెండువేల చొప్పున రెండు వాయిదాలు కట్టగా 36,000 నిలిచినది. 36,000ను 28,000ను కలిపి 64,000. తీర్చుటకు మార్చిన బాకీ తీఱలేదు. దానికి తోడు మఱియొకటి పుట్టినది. జనవరి నడుమ సున్నవడ్డీ గడువు ముగిసినచో రెండును మూడున్నర రూపాయల వడ్డీకే వచ్చును. వారు కార్యాలయమునకు వచ్చినది ఆ గడువునకు ముందుదినములలోనే. బాకీ మార్చిన దినముననే పాతకార్డును మూయవలసినది; మూయుటకు మనసొప్పనిచో కనీసము దాని హద్దును తగ్గింపుమని బ్యాంకునకు వ్రాయవలసినది. మేము వారితో ఈ మాట అనినప్పుడు, అయ్యా, చేతిలో ఉన్నదానిని ఎవరు పారవేయుదురు అని వారనిరి. దానికి మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

అమెరికాలో చదువుచున్న, ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు ఫోనులో ఈ బాకీమార్పిడిని మెచ్చుకొనుట పలువురు వినియుందురు. వారి మాట అబద్ధము కాదు. ఆ దేశమున అట్టి గడువు పండ్రెండు నెలలనుండి ఇరువదియొక్క నెలలవఱకు నుండుట వాడుక. రుసుము నూటికి 3 లేక 5. పదునైదు నెలలకు 3 వంతుల రుసుమన్నచో నెలకు ఇరువది పైసల వడ్డీయే. పైగా 2009లో అచ్చట చేసిన కార్డుల చట్టము ప్రకారము ఇట్టి ప్రత్యేకపు వడ్డీ ఆఱునెలలకు తక్కువ కాకుండ నుండవలెను. కనీసపు సొమ్మునకు మించి కట్టినదానిని ఎక్కువ వడ్డీగల బాకీకే ముందు జమకట్టవలెను. వారికి ప్రతినెల, లేదా రెండువారములకొకసారి, జీతము వచ్చును. ఆ మాటను విని మూడునెలల గడువుతో ఇక్కడ మార్చుకొన్న రైతునకు అదే ఫలము రాదు.

కార్డుతో యంత్రమునుండి రొక్కము తీయుట అన్నింటిలోను చెడ్డది. కూలీలకిచ్చుటకై పదివేలు తీసినచో, అనేక బ్యాంకులు కనీసము 500 రూపాయల రుసుము, దానిపై పన్ను 90 వేయును. వడ్డీ ఆ క్షణమునుండియే. వడ్డీలేని దినము ఒక్కటియు లేదు. క్యాష్ బ్యాక్ అంతకంటె లేదు.

వడ్డీకి హద్దు లేదా యని సభ్యులడుగవచ్చును. 2008లో జాతీయ వినియోగదారుల కమిషనువారు కార్డుబాకీలపై సాలునకు నూటికి 30కి మించి వడ్డీ పుచ్చుకొనుట అన్యాయపు వ్యాపారపద్ధతి యని తీర్పునిచ్చిరి. 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. కనుక ఆ హద్దు ఇప్పుడు లేదు. అయితే రిజర్వు బ్యాంకు 2022లో విధించిన నిబంధనలు కొన్ని మనకు పనికివచ్చును. అడుగనివానికి కార్డు పంపరాదు. పంపి బిల్లు వేసినచో ఆ సొమ్మును రద్దుచేసి, దానికి రెట్టింపు జరిమానా కార్డు పొందినవానికి బ్యాంకే చెల్లింపవలెను. కనీసపు సొమ్ము మాత్రమే కట్టుచు పోయినచో బాకీ తీఱుటకు నెలలు, సంవత్సరములు పట్టునను హెచ్చరికను బిల్లులోనే ముద్రింపవలెను. ఆ హెచ్చరిక మా ముందున్న బిల్లులోను గలదు, ఆంగ్లములో, చీమతలలంత అక్షరములతో. గడువుతేదీ దాటి మూడు దినములు గడచినగాని ఆలస్యపు రుసుము వేయరాదు. బాకీ పూర్తిగ తీర్చినవాడు కార్డు మూయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను; మూయనిచో ఆ పిమ్మటి ప్రతిదినమునకు 500 రూపాయలు కార్డుదారునకు బ్యాంకు చెల్లింపవలెను. ఈ కడపటి నిబంధన తెలియక, మూయుమని ఫోనులో నాలుగుసార్లు చెప్పి విసిగి ఊరకున్నవారు మనలో నున్నారు. కోరిక వ్రాతమూలముగ నుండవలెను, తేదీ యుండవలెను, నకలు మన యొద్ద నుండవలెను.

కార్డుబాకీ గడువు తప్పినచో ఆ సంగతి పరపతివివరములు భద్రపఱచు సంస్థల పుస్తకములకెక్కును. ట్రాక్టరునకో, పాడిపశువులకో బ్యాంకునకు పోయిన దినమున ఆ పుట తెఱవబడును. రెండువేల రూపాయల కార్డుబాకీ రెండులక్షల అప్పునకు అడ్డుపడవచ్చును.

ఇంత వ్రాసిన పిమ్మట మా వంక దోషమును దాచుట ధర్మము కాదు. జూలైలో సంఘమున అప్పు తీసికొనక కార్డు ఏల గీచితిరని మేము సభ్యునడిగితిమి. అంతకుముందు ఋణము తీర్చి క్రొత్తదానికి అర్జీ యిచ్చినపుడు అడంగలు నకలు, పాసుపుస్తకము, హామీదారుల సంతకములు అనుచు మూడుసార్లు త్రిప్పితిరనియు, నాల్గవసారి వచ్చునప్పటికి ఊడ్పులు ముగిసి ఎరువు వేయు అదను దాటుచున్నదనియు, దుకాణమున కార్డు గీచుటకు అరనిముసము పట్టినదనియు వారు చెప్పిరి. పుస్తకములు చూడగా వారి మాట నిజమే. 1904వ సంవత్సరపు చట్టముతో ఈ దేశమున సహకార పరపతిసంఘములు పుట్టినది అధికవడ్డీనుండి రైతును తప్పించుటకే గదా. నాలుగు వంతుల వడ్డీకి అప్పు మన యొద్ద నుండియు, అది అదనునకు అందనిచో, సభ్యుడు ఏబది వంతులకు పోవుటలో సగము తప్పు మనది. కౌలురైతుల సంగతి యింకను కష్టము. వారికి కాగితమే ప్రతిబంధకము. ఈ తొలకరికి అర్జీలను మే నెల 15వ తేదీలోపల పుచ్చుకొని, కావలసిన కాగితముల పట్టికను ఒక్కసారియే వ్రాసి యిచ్చి, జూన్ ముగియులోపల సొమ్ము జమచేయవలెనని పాలకవర్గము తీర్మానించినది. ఎంతవఱకు నెఱవేర్చితిమో ఆగస్టు సంచికలో అంకెలతో తెలిపెదము.

మన సభ్యులకు జనవరి కడపట ధాన్యపు సొమ్ము బ్యాంకులో జమయైనది. అందులో కౌలు, కోతకూలి పోగా మిగిలినదానితో, రెండవ కార్డు గడువు ముగియుటచే రెండును ఒకే వడ్డీకి వచ్చినవి గనుక, ముందు చిన్నదానిని తీర్చి మూసివేసిరి. దానితో నెలకు ఒక బిల్లు తగ్గినది. పెద్దదానిని ఫిబ్రవరిలో ఒక భాగము, పెసలమ్మి మార్చిలో తక్కినది తీర్చిరి. రెండవ కార్డును ఉంచుకొని, దాని హద్దును 10,000కు తగ్గింపించుకొనిరి. ఇంటికి కావలసిన సరకులు దానిపై కొని నెల తిరుగకముందే కట్టుచున్నారు. మొన్న మార్గమధ్యమున కనబడి, ఈ నెల 43 రూపాయలు క్యాష్ బ్యాక్ వచ్చినదని చెప్పిరి.

కార్డు మూయుటకు బ్యాంకునకు వ్రాయవలసిన యర్జీ నమూనా తెలుగులోను ఆంగ్లములోను సంఘకార్యాలయమున నున్నది; సభ్యులు ఉచితముగ పొందవచ్చును. తమ కార్డుబిల్లులోని వడ్డీ, పన్ను, రుసుములు ఎంతయో తెలిసికొనగోరువారు ఆ బిల్లును తీసికొని ఏ గురువారము నాడైనను ఉదయము పదిగంటలకు వచ్చినచో కార్యదర్శి లెక్కగట్టి చెప్పెదరు. వచ్చువారు మూడునెలల బిల్లులు తేవలెను. ఒక్క నెల బిల్లుతో లెక్క తేలదు.